ఒక గుడ్డ కింద రెండు బల్లలు

ఒహాయో,
అక్టోబరు, సోమవారం.

అమ్మకు, నీ కూతురు సలోమా ప్రేమతో రాసేది. దేవుని దయ వల్ల ఇక్కడ అందరం తిని తిరుగుతున్నాం. మోంటానా చలిలో నువ్వూ, పెద్దన్నయ్య, వదినా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. 'అందరం క్షేమం' అని రాయబోయి ఆగాను. ఒంట్లో అందరికీ బాగానే ఉంది. అంతవరకే రాయగలను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. నువ్వు పంపిన ఉన్ని పిల్లల మేజోళ్ళకు సరిపోయింది. ఆపిల్ జామ్ కాచాను గానీ నా ధ్యాస ఎక్కడో ఉండి అడుగంటింది. నీ అల్లుడు మాత్రం 'ఎక్కడ మాడింది, బ్రహ్మాండంగా ఉంది' అంటూ దగ్గుతూ తింటున్నారు.

ఇక యోస్ట్ సంగతి. తమ్ముడు దిగివచ్చాడా అని ఉత్తరమంతా మాటిమాటికీ అడిగావు. దిగిరాలేదమ్మా. ఆ ట్రక్కు అమ్మలేదు. బాప్తిస్మం రోజున సంఘం కట్టుబాటుకు లోబడతానని మాట ఇచ్చినవాడు గుర్రపు బగ్గీ వదిలి మోటారు బండి కొనుక్కుంటే పెద్దలు ఊరుకుంటారా? బిషప్ మెనో గారు ఇంటికి వెళ్ళి మరీ నచ్చజెప్పారు. అందరి ముందూ మోకరించి తప్పయిందని ఒక్క మాటంటే చాలన్నారు. దానికి వీడు, "తప్పని నాకు అనిపించట్లేదండీ. అనిపించకుండా మోకాళ్ళ మీద పడి అంటే అది అబద్ధం. ట్రక్కు ఒక పాపం, అబద్ధం ఇంకోటి. ఒకటి సరిపోదా?" అన్నాడట. వాడి నోటికి తాళం వెయ్యడం కన్నతల్లివి నీ వల్లే కాలేదు, బిషప్ గారి వల్ల ఏమవుతుంది!

నిన్న, రొట్టే ద్రాక్షరసమూ పంచుకునే ప్రభు భోజనానికి ముందు పెట్టే సంఘ సమావేశం. ఫర్మన్ గారి కొట్టంలో జరిగింది. మొన్న వసంతంలో చీటీ నీ అల్లుడి మీద పడి బోధకుడయ్యారని రాశాను కదా, సృష్టి దగ్గర్నుంచి నోవహు ఓడ దాకా చెప్పే భాగం ఈసారి ఆయనకు వచ్చింది. ఆవులతో తప్ప మనుషులతో మాట్లాడని గిడియన్‌కి! చేతిలో కాగితం ఉండకూడదాయె. పాలు పితుకుతూ వారమంతా ఆవులకే చెప్పుకున్నారు. అవి ఏమీ ఆక్షేపించలేదు.

గొంతు వణికిందా అని నువ్వు తప్పకుండా అడుగుతావు. మొదట వణికింది. తర్వాత మా వంటింట్లో మాట్లాడినట్టే మాట్లాడారు.

"దేవుడు ఒక్కొక్కటే చేసి, చూసి, మంచిది అన్నాడు. చూసి చెప్పడం ఆయన పని. మనం ఆ పని మాకూ కావాలని చెయ్యి చాపాం. ఏది మంచో ఏది చెడో మేమే తేలుస్తాం అన్నాం. ఆ పండు తిన్నాక మొట్టమొదట ఏం తేల్చాం? మన ఒళ్ళు మనకే సిగ్గు అని. ఆ తర్వాత? మొగుడు పెళ్ళాం వైపు వేలు చూపించాడు, ఆవిడ పామును చూపించింది..."

అక్కడ ఆగిపోయారు. మరిచిపోయారేమో అనుకున్నాను. ఆయన కాసేపు తన చేతులు చూసుకుని, "తోటలోంచి పంపేసే ముందు దేవుడు వాళ్ళకు చర్మంతో చొక్కాయిలు చేశాడు. తనే తొడిగాడు," అని కూర్చున్నారు. అంతే, కూర్చున్నారు! ఓడ ఎక్కాల్సిన జంతువులన్నీ ఎక్కడివక్కడే ఉండిపోయాయి. నవ్వు రావాల్సింది గానీ ఎవరికీ రాలేదు.

తర్వాత యోస్ట్‌ని బయట ఉండమని, వాణ్ణి వెలివేయడానికి ఒక్కొక్కరి సమ్మతి అడిగారు. ఆ పద్ధతి నీకు చెప్పాలా? డీకన్ ఫర్మన్ గారు ఆడవాళ్ళ బెంచీల వెంట వంగుతూ వస్తున్నారు. 'ఒప్పుకుంటున్నాను', 'ఒప్పుకుంటున్నాను' అన్న గుసగుస వరసగా నా దగ్గరికి వస్తోంది. వెలి పడితే వాడితో ఒకే బల్ల మీద తినకూడదు. వాడి చేతి నుంచి ఏదీ అందుకోకూడదు. కిటికీలోంచి చూస్తే వాడు మన గుర్రం దగ్గర నిలబడి, దాని జూలులో చిక్కుకున్న ముళ్ళకాయలు ఒక్కొక్కటే తీస్తున్నాడు. పక్కన అల్టా చిన్నమ్మ అనేసింది. నా వంతు వచ్చింది.

ఇంతసేపూ ఆవూ జామూ అంటూ దాటవేసింది ఇందుకే. అమ్మా, నేను ఒప్పుకుంటున్నాను అనలేదు.

ఫర్మన్ గారు ఇంకాస్త వంగి, "వినపడలేదమ్మా," అన్నారు.

"నేననలేదండీ."

"అనవా?"

"చేతకావట్లేదు. భయంగా ఉంది."

"ఎవరంటే భయం?"

"దేవుడంటే. మీరన్నా."

ఒక్కరు కాదన్నా ప్రభు భోజనం ఆగిపోతుందని నీకు తెలుసు. ఆగిపోయింది. మెనో గారు కోప్పడలేదు, కోప్పడితే బాగుండేది. నన్ను పక్కకు పిలిచి, "వచ్చే ఆదివారం మళ్ళీ అడుగుతాను సలోమా. నీ ఒక్కదాని మాట మీద సంఘమంతా ఆకలితో కూర్చుంది. ఏది మంచో నీకంత బాగా తెలుసా తల్లీ?" అన్నారు.

ఆ మాట నన్ను తినేస్తోంది. నాకు తెలియదమ్మా! యోస్ట్‌కి తీర్పు చెప్పలేనన్న నేను సంఘం మొత్తానికి తీర్పు చెప్పేశానేమో. చెయ్యి చాపింది వాడా, వాళ్ళా, నేనా? పైగా ఆదివారం మళ్ళీ కాదంటే వెలి నాకూ పడుతుంది. అప్పుడు నా భర్త నా చేతి కాఫీ కూడా అందుకోకూడదు. పొద్దున్నుంచి రోడ్డు మీద గుర్రపు డెక్కల చప్పుడు వినపడితే చాలు, బిషప్ గారే వస్తున్నారని కిటికీ దగ్గరికి పరుగెడుతున్నాను. అల్టా చిన్నమ్మ మన వాకిలి మీదుగానే వెళ్తూ తల అటు తిప్పుకుంది.

ఏమనమంటావో చెప్పు. వాడు నీ కొడుకు, నేను నీ కూతుర్ని, ఈ సంఘం నీదే. నీ జవాబు వచ్చేలోపు ఆదివారం వచ్చేస్తుందని తెలిసే అడుగుతున్నాను. ఎవరినో ఒకరిని అడగకపోతే ఊపిరాడటం లేదు.

గిడియన్ ఎందుకలా చేశావని ఒక్క మాట అడగలేదు. నిన్న బగ్గీలో వస్తూ, "జూలులో ఒక్క ముల్లు లేదు, చూశావా," అన్నారు.

ఇందాక బట్టలు ఆరేసి లోపలికి వచ్చేసరికి, బట్టలుతికే గదిలోని చిన్న బల్ల తెచ్చి వంటింటి బల్ల పక్కన వేసి ఉన్నారు. రెండింటి మధ్య రెండు వేళ్ళ సందు. పైన నువ్విచ్చిన గళ్ళ మైనపు గుడ్డ రెండు బల్లల మీదుగా పరిచారు. తాతయ్య ఇంట్లో ఏలీ మామయ్యకి వెలి పడినప్పుడు వేసినట్టే. చూసేవాళ్ళకు ఒకటే బల్ల, గుడ్డ మీద చెయ్యి ఆనిస్తే సందు తెలుస్తుంది. ఏమైనా కానీ, యోస్ట్‌కి మన ఇంట్లో అన్నం ఉంటుందన్నమాట. నాకు ఏడుపొచ్చింది.

కళ్ళు తుడుచుకున్నాక చూశాను. చిన్న బల్ల దగ్గర కుర్చీలు రెండున్నాయి.

"రెండోది ఎవరికండీ?" అన్నాను.

ఆయన గుడ్డ మీది ముడత సవరిస్తున్నారు. "తెలియదు సలోమా. నీకో, నీ చేతి కాఫీ వదులుకోలేకపోతే నాకో," అన్నారు.

ఆయన పాల గదికి వెళ్ళిపోయారు. నేను ఆ రెండో కుర్చీలోనే కూర్చుని ఇది రాస్తున్నాను. మా కోసం ప్రార్థన చెయ్యి. ఏమని చెయ్యాలో మాత్రం నన్ను అడక్కు.

ఇట్లు,
తమ్ముడి కోసమూ, ఆయన కోసమూ భయపడుతున్న
నీ కూతురు సలోమా.