ఆ ‘నేరుగా’ ఎవడు?

చి॥ బావమరిదికి, బావ ఆశీర్వదించి రాయునది.

వంతెన పని దగ్గర నేనూ నా క్రేనూ క్షేమం. క్యాంపు ఆఫీసు కంప్యూటర్‌లో ఏదొచ్చినా పదిమంది తొంగి చూస్తారు, అందుకే కాగితం మీద రాస్తున్నాను. మీ అక్క గడియారాల రిపేరు కొట్టుకి వెబ్‌సైట్ చేసిపెట్టావు, సంతోషం. అందులో ఫారం నింపేవాళ్ళు ఎక్కడి నుంచి ఊడిపడుతున్నారో నాకు తెలియాలి. వ్యాపారం మీద శ్రద్ధ, అంతే.

ఇట్లు,
నీ బావ

తా.క. వాళ్ళలో మగవాళ్ళెందరో విడిగా రాయి.

బావగారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే ఫారం వెనక కనపడని గడి ఒకటి పెట్టాను. నింపినవాళ్ళు ఏ దారిన వచ్చారో అదే రాసుకుంటుంది. ఈ నెలలో ఇంటర్నెట్‌లో వెతికి వచ్చినవి ఆరు, మన కొట్టు గురించి రాసిన మన వీధి సంగీతం మాస్టారి వెబ్ పేజీ నుంచి రెండు, నేరుగా పదకొండు.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. ఆడా మగా చెప్పే గడి నాకు చేతకాదు.

చి॥ బావమరిదికి,

ఆ ‘నేరుగా’ ఎవడు? ఒక్కడికి నెలలో పదకొండుసార్లు గడియారం ఆగిపోతుందా? నిన్న దూలం పైకెత్తి, ఎక్కడ దించాలో మరిచిపోయి వాడి గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. కింద మేస్త్రీ గొంతు పోయేలా అరిచాడు.

ఇట్లు,
బావ

తా.క. సంగీతం మాస్టారి వయసెంత?

బావగారికి నమస్కారాలు.

‘నేరుగా’ మనిషి పేరు కాదు. ఎవరూ దారి చూపకుండా, వెబ్‌సైట్ చిరునామా తామే కొట్టుకుని వచ్చినవాళ్ళని అర్థం. మాస్టారికి డెబ్బై ఆరు.

ఇట్లు,
బావమరిది

తా.క. మీ ఉత్తరం అక్క చదివింది. కంటికున్న భూతద్దం తీయకుండానే నవ్వింది.

చి॥ బావమరిదికి,

ఎవరూ చెప్పకుండానే చిరునామా తెలుసా? ఇది మరీ ఘోరం. దారి అడిగి వచ్చేవాణ్ణి నమ్మొచ్చు గాని, తెలిసి వచ్చేవాణ్ణి ఎలా నమ్మను? వాడు ఏ ఊళ్ళో, ఏ కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాడో పట్టుకో. రాజీనామా రాసి జేబులో పెట్టుకున్నాను. నీ జవాబు చూసి మేనేజరు చేతిలో పెట్టేసి ఇంటికొచ్చేస్తాను.

ఇట్లు,
బావ

తా.క. ఆ నవ్వు దేనికట?

బావగారికి నమస్కారాలు.

రాజీనామా చించేయండి. మనిషి దొరికాడు. పదకొండు ఫారాలూ మీ క్యాంపు ఆఫీసు కంప్యూటర్ నుంచే వచ్చాయి, అన్నీ మీ టీ వేళకే. పేరు ‘ఒక అభిమాని’. గడియారం ఊసే లేదు. “మేడమ్, వేళకి భోంచేస్తున్నారా? మీవారు మిమ్మల్ని బాగా చూసుకుంటారా?” ఇదీ వరస. అక్కకి పరీక్ష పెట్టబోయి మీరే దొరికిపోయారు బావా. నెలరోజులుగా మీరు కుళ్ళుకుంటున్నది మీ మీదే.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. ఇది అక్క రాత: ఏమండీ, భోంచేస్తున్నారా అని అభిమానిగారు నెలలో పదకొండుసార్లు అడిగారు. తొమ్మిదేళ్ళ కాపురంలో మీరు ఒక్కసారీ అడగలేదు. నాకు ఆయనే నచ్చారు. ఈసారి సెలవులకి ఆయన్ని పంపండి.