కొత్త మంచం మీద పంటి గాట్లు

ప్రియమైన అక్కకు,

అమ్మా నేనూ కులాసా. నీ కాళ్ల వాపు తగ్గిందని రాస్తే పూర్తిగా కులాసా అవుతాం.

ఈ ఉదయం షాపు తెరిచాక, నీకోసం పక్కన పెట్టిన చంటిపిల్లల చెక్క కమ్మీల మంచం తుడుస్తుంటే పై కమ్మీ లోపలివైపు వేలికి గరుగ్గా తగిలింది. వంగి చూశాను. తెల్ల రంగు కింద చిన్న చిన్న గాట్లు, జంటలు జంటలుగా. కొత్త మంచాన్ని ఎవరు కొరికారు?

ముందు నువ్వడిగినవి చెబుతాను. కుచ్చుల దిండ్ల సెట్టు వద్దు. మా దగ్గర బాగా పోయేది అదే, అయినా వద్దు. చంటిబిడ్డ పడుకునేచోట దిండు, బొంత, మెత్తటి బొమ్మ ఏవీ ఉండకూడదు. ముఖానికి అడ్డం పడితే తనంతట తాను తీసుకోలేదు కదా. గట్టి పరుపు, దానిమీద బిగుతుగా దుప్పటి, అంతే. నువ్వు ముచ్చటపడిన కుందేలు బొమ్మ కన్ను గోటితో లాగి చూశాను. ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని నేనే కొనాల్సి వచ్చింది. ఇప్పుడది నా పుస్తకాల మధ్య కూర్చుని ఒంటికన్నుతో నన్నే అనుమానంగా చూస్తోంది.

ఇక మంచం. మా ఓనరు సగం ధరకే ఇస్తాననగానే బావగారు మురిసిపోయి అడ్వాన్సు కట్టారు. నాకు అప్పుడే ఏదో తేడాగా అనిపించింది. జీతం అడిగితే గోడ గడియారం వంక చూసే మనిషికి మనమీద ఇంత ప్రేమ ఎక్కడినుంచి పుట్టుకొచ్చింది? గాట్లు చూపిస్తే, చెక్కలో గీతలన్నాడు. చెక్కకు పాలపళ్లు వస్తాయా? ఎవరో వాడి, తిరిగిచ్చేసి ఉంటారు. ఎందుకిచ్చేశారన్నదే నా భయం.

అతను ఫోనులో ఉండగా, కిందికి దించే పక్కభాగాన్ని పైకెత్తి, గడియ వేసి, దానిమీద మోచేతులు ఆనించాను. గడియ వేసే ఉంది. అయినా దడాలున జారిపోయింది.

"అలా బరువంతా వేస్తే ఏ మంచమైనా అంతే," అన్నాడు వెనకనుంచి.

"నిలబడటం నేర్చుకునే పిల్లలు అలాగే వేస్తారండీ."

"పుస్తకాలు చదివేవాళ్లకి అన్నిట్లోనూ కథలే కనిపిస్తాయి. మీ అక్కకి వద్దంటే చెప్పు తల్లీ, సాయంత్రం ఇంకొకళ్లు వస్తున్నారు."

కాన్వెంటులో హాజరు పలకడానికే గొంతు పెగలనిదాన్నని నీకు తెలుసు. అయినా నీకు వద్దని మాత్రం చెప్పేశాను. వెంటనే దాన్ని విప్పించి, పెట్టెలో సర్దించి, పైన కొత్త టేపు వేయించాడు.

బావగారిని మంచం కోసం ఆదివారం రావద్దను. అక్కడే కొనుక్కోండి, పక్కలు కదలనిదే తీసుకోండి. షాపులోనే బిగించమని, నాలుగువైపులా పట్టుకుని గట్టిగా ఊపి చూడండి. ఎవరైనా ప్రేమగా పాతది ఇస్తామన్నా సరే, ముందు అనుమానించు, తర్వాత థాంక్స్ చెప్పు.

సాయంత్రం ఓనరు చెప్పినవాళ్లు వచ్చారు, భార్యాభర్తలు. ఆమెకూ నీలాగే నెలలు నిండుతున్నాయి. నడుం మీద చెయ్యి వేసుకుని, బిగించి చూపిస్తే తీసుకెళ్తామంది. ఓనరు పెట్టె విప్పి, అట్టలన్నీ దులిపి, మా అందరినీ పేరుపేరునా అడిగి, చివరికి మళ్లీ కబురు చేస్తానని వాళ్లను పంపేశాడు. నన్నడిగినప్పుడు తల అడ్డంగా ఊపాను.

అమ్మకు ఇంకా చెప్పలేదు. ఆ మంచం బోల్టుల పొట్లం నా సంచిలో ఉంది.

ఇట్లు,
నీ చెల్లి