రోజా మొదటి పాలు

బుధవారం, రాత్రి

చిన్నీ, ఈరోజు నీ ఊసెత్తి నన్ను మాటన్నారు.

ఊరిగాం గని కూలీల లైన్ల ఇళ్లలో రోజాకు మొన్న ఆడపిల్ల పుట్టింది. కొత్త తల్లులకు బిడ్డకు పాలివ్వడం నేర్పేది నా పని కదా, పొద్దున్నే వెళ్లాను. రోజా అత్త ఆ చిక్కటి పసుపు ముర్రుపాలను గుడ్డలోకి పిండేస్తోంది. బిడ్డకు చక్కెర నీళ్లు పోస్తోంది. పాపం, దానికి ఏడ్చే ఓపిక కూడా లేదు.

"అవి పారేయొద్దు పెద్దమ్మా, బిడ్డకు అవే బలం," అన్నాను.

"నీ బిడ్డనే కాపాడుకోలేకపోతివి. నా మనవరాలికి చెప్పొచ్చినావా?"

లేచి వచ్చేద్దామనుకున్నాను, కానీ కూర్చునే చెప్పాను.

"నేనూ ఇట్లే పిండి పారబోసినా పెద్దమ్మా. ఎనిమిది దినాలు చక్కెర నీళ్లే పోసినా. అందుకే వచ్చినా."

ఆమె గుడ్డ పక్కన పెట్టింది. రోజా బిడ్డను రొమ్ముకు చేర్చుకుంది. మూడుసార్లు బిడ్డ పట్టు జారిపోయింది. నాలుగోసారి పట్టుకుంది. గుటక వేసిన చప్పుడు ముగ్గురమూ విన్నాం.

"అక్కా, నాకూ ఆకలైతా ఉండాది. రెండు దినాలుగా బన్ను, కాఫీనే," అంది రోజా.

"ఇద్దరూ తిండిపోతులే దొరికినారు నాకు," అంటూ అత్త పొయ్యి వెలిగించింది.

నేను వచ్చేశాక మళ్లీ చక్కెర నీళ్లు పోసిందో ఏమో. రేపు వెళ్లి, పాలు అందుతున్నాయో లేదో తెలిసేలా, బిడ్డ ఎన్ని గుడ్డలు తడిపిందో అడగాలి.

నావల్లే నువ్వు పోయావా అని ఆసుపత్రి నర్సమ్మను అడిగితే కాదంది. కానీ నాకు నమ్మబుద్ధి కాదు...

ఉండుంటే నీకు మూడేళ్లు, రాగిముద్ద తినే వయసు. అక్కడ ఎవరు పెట్టినా కడుపునిండా తిను తల్లీ.